రాయితీ నేలకు చేరాలి

దసరా వెళ్లగానే జహీరాబాద్ ప్రాంతంలో ఆలుగడ్డ నాట్లు మొదలవుతాయి. ఆగ్రా నుంచి లారీల్లో వచ్చే విత్తన గడ్డ ఎకరాకు ఆరు నుంచి ఎనిమిది క్వింటాళ్లు కావాలి. రెండెకరాల రైతు చేతిలో ఉన్న డబ్బు చాలావరకు అక్కడే అయిపోతుంది. ఎరువుల దుకాణానికి వెళ్లేసరికి ఏది చౌకైతే దానికే చెయ్యి పోతుంది. ఆ చౌక ఎరువు యూరియా. చిన్న రైతు నేల చెడిపోవడానికి అతని తెలియనితనం కంటే కేంద్రం ధరల విధానమే ఎక్కువ కారణమని మా నిశ్చితాభిప్రాయం.

లెక్క చూడండి. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. అందులో నత్రజని 20 కిలోల పైచిలుకు. కిలో 13 రూపాయలకు పడుతుంది. 50 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బస్తా 1,500 రూపాయలు దాటింది. అందులో పొటాష్ 30 కిలోలు. అంటే కిలో 50 రూపాయల పైమాటే. 2010 ఏప్రిల్‌లో పోషకాల ఆధారిత రాయితీ తెచ్చినప్పుడు యూరియాను మాత్రం దాని వెలుపల ఉంచారు. అప్పుడు తప్పిన తూకం ఇప్పటికీ కుదరలేదు.

ఇది ఏ పంటకైనా నష్టమే, ఆలుగడ్డకు మరీ చేటు. ఈ పంట నేల నుంచి నత్రజని కంటే పొటాష్‌నే ఎక్కువగా లాగుతుంది. ఆకులో తయారైన పిండిపదార్థం గడ్డలోకి దిగాలంటే పొటాష్ ఉండాలి. యూరియా దండిగా పడ్డ చేను కంటికి ఇంపుగా, మోకాలెత్తున కమ్ముకొని ఉంటుంది. బోదె తవ్వి చూస్తే గడ్డ ఊరి ఉండదు. ముదురాకుల అంచులు మాడి కంచు రంగుకు తిరుగుతాయి. అది పొటాష్ లోపం. తెగులనుకొని దానికీ మందు కొడుతున్న రైతులున్నారు. అలాంటి గడ్డ నిల్వకు ఆగదు, వచ్చిన ధరకు అమ్ముకోవాల్సిందే.

పైగా జహీరాబాద్ ప్రాంతంలో చాలా చేలు ఎర్ర నేలలు. వేసిన భాస్వరాన్ని ఆ మట్టిలోని ఇనుము, అల్యూమినియం పట్టేసుకుంటాయి. మాగిన పెంట ఎరువు పడితేనే ఆ పట్టు సడలుతుంది, తేమ నిలుస్తుంది. పశువులు తగ్గిపోయిన ఊళ్లలో ట్రాక్టర్ పెంట కొనడం చిన్న రైతు వల్ల కావడం లేదు. వేసవిలో చేలో గొర్ల మంద పెట్టించుకునే అలవాటు పోనివ్వని రైతులకు ఆ మేలు తెలుసు. బస్తాకు వేల కోట్లు ఇచ్చే ప్రభుత్వం పెంటకూ పచ్చిరొట్టకూ విదిలించేది ఎంత?

భూసార కార్డులున్నాయి కదా అంటారు. 2015 ఫిబ్రవరిలో మొదలైన ఆ పథకం ఉద్దేశం మంచిదే. కానీ నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు, మెట్టలో పది హెక్టార్లకు ఒక నమూనా చొప్పున తీశారు. ఎకరం చేను ఉన్న రైతు మట్టి ఆ పది హెక్టార్లలో ఎక్కడ కలిసిపోయిందో! పక్క చేను మట్టిని చూసి ఇచ్చిన సలహాను అతను ఎందుకు నమ్మాలి?

2025 ఆగస్టులో తెలంగాణ రైతులు యూరియా కోసం చెప్పులు, పాస్‌పుస్తకాలు వరుసలో పెట్టి తెల్లవార్లూ కాచుకున్నారు. సరఫరాలో లోపం నిజమే. అయితే యూరియా తప్ప మరో దిక్కులేని స్థితికి సాగును తెచ్చిన పాలకులు ఆ పాపంలో తమ వాటాను ఒప్పుకోవాలి.

రాయితీ బస్తాకు బదులు ఎకరానికి లెక్కగట్టి సాగుచేసే మనిషికే ఇవ్వాలి. కౌలు రైతు అందులో తప్పనిసరిగా ఉండాలి. ఆ డబ్బుతో యూరియా కొంటాడో, పొటాష్ కొంటాడో, పెంట తోలించుకుంటాడో తన మట్టి పరీక్షను బట్టి అతనే తేల్చుకుంటాడు. ధర పెంచితే రైతు నష్టపోతాడన్న వాదనలో న్యాయముంది. అందుకే డబ్బు ముందు చేతికందాలి, ఆ తర్వాతే యూరియా ధర సవరించాలి.

రాష్ట్ర ప్రభుత్వాలు ఢిల్లీ వైపు చూడకుండా చేయగలిగిన పని ఒకటుంది. జహీరాబాద్‌లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో ఆలుగడ్డ పండే పలమనేరు, వి.కోట ప్రాంతాల్లోనూ చేలు ఖాళీగా ఉండే మే నెలలో ప్రతి రైతు చేనులోనూ విడిగా మట్టి నమూనా తీయించాలి. ఫలితం వినాయక చవితి లోపు రైతు చేతిలో పెట్టాలి. ఉద్యాన శాఖలు ఈ వేసవికే ఆ పని మొదలుపెట్టాలని మేము కోరుతున్నాం.