పశువుల దాణాలో ఆఖరి మందు

2013 జులైలో చైనాలోని షాంఘై నగరంలో ఒక పందుల పెంపకశాలనుంచి శాస్త్రజ్ఞులు ఒక బాక్టీరియాను సేకరించారు. దాని పేరు ఇ. కోలై. మనుషుల పేగులలోనూ పశువుల పేగులలోనూ కోట్ల సంఖ్యలో కాపురముండే అతి సాధారణమైన సూక్ష్మజీవి అది. ఆ పెంపకశాలలో దొరికిన రకాన్ని మాత్రం కొలిస్టిన్ అనే మందు చంపలేకపోయింది. పరిశోధన సాగినకొద్దీ అంతకన్న కలవరపెట్టే సంగతి బయటపడింది. ఈ బాక్టీరియా తనకు అబ్బిన రక్షణను పక్కనున్న మరొక బాక్టీరియాకు అప్పగించగలదు.

2015 నవంబరులో ఈ వార్త వెలువడినప్పుడు ప్రపంచమంతటా వైద్యులు ఉలిక్కిపడ్డారు. ఎందుకో గ్రహించాలంటే కొలిస్టిన్ చరిత్ర కొంత తెలియాలి.

అది కొత్త మందు కాదు. 1950లలోనే వాడుకలోకి వచ్చింది. మూత్రపిండాలకు హాని చేసే గుణం ఉండడంవల్ల, అంతకన్న సురక్షితమైన మందులు లభించగానే వైద్యులు దానిని దాదాపు మరచిపోయారు. కాలక్రమాన ఆ సురక్షితమైన మందులు ఒక్కొక్కటే పట్టు కోల్పోయాయి. ఎంతో శక్తిమంతమైనవని పేరుపడిన కార్బపెనెమ్ మందులకు సైతం లొంగని బాక్టీరియా మన దేశంలోనూ ఇతర దేశాలలోనూ ఆసుపత్రులలో తిష్ఠ వేసింది. అప్పుడు వైద్యులు అటకమీది పాత ఆయుధాన్ని దింపినట్టు కొలిస్టిన్‌ను మళ్ళీ చేతికి తీసుకున్నారు. ఇంటెన్సివ్ కేర్ విభాగంలో, ఇక ఏ మందూ పని చేయని రోగికి, మూత్రపిండాలకు ముప్పు ఉన్నా సరేనని ఇచ్చే ఆఖరి మందు అది.

మనుషుల వైద్యంలో మూలపడిన కాలంలోనూ ఆ మందుకు పశుపోషణలో గిరాకీ తగ్గలేదు. ధర చవుక. దాణాలో స్వల్ప మోతాదులో కలిపితే పందులూ కోళ్ళూ త్వరగా బరువెక్కుతాయి. రోగమేమీ లేని పశువులు కూడా ఏళ్ళ తరబడి ఆ మందును తింటూ వచ్చాయి.

స్వల్ప మోతాదులోనే ప్రమాదమంతా దాగివుంది. అది బాక్టీరియాను సమూలంగా తుడిచిపెట్టదు. బలహీనమైనవి చస్తాయి, తట్టుకోగలిగినవి మిగిలి ఆ ఖాళీ స్థలమంతా ఆక్రమిస్తాయి. ఎంసీఆర్-1 అని శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన జన్యువు ఆ తట్టుకునే శక్తినిచ్చింది. కొలిస్టిన్ అణువుకు ధనావేశం, బాక్టీరియా పైపొరకు ఋణావేశం ఉంటాయి. ఆ ఆకర్షణవల్ల మందు పొరకు అతుక్కుని దానిని ఛిద్రం చేస్తుంది. ఎంసీఆర్-1 ఉన్న బాక్టీరియా తన పైపొర స్వభావాన్ని మార్చుకుని ఋణావేశాన్ని తగ్గించుకుంటుంది. ఇక మందుకు పట్టు చిక్కదు.

అంతకుముందు కూడా కొలిస్టిన్‌కు లొంగని బాక్టీరియా అక్కడక్కడ కనిపించకపోలేదు. అయితే ఆ గుణం దాని సంతతికి మాత్రమే సంక్రమించేది. ఎంసీఆర్-1 అలా కాదు. అది ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఏ. వలయంమీద ఉంటుంది. ఇరుగుపొరుగు ఇళ్ళవారు నిప్పు అడిగి తీసుకువెళ్ళినట్టు ఒక బాక్టీరియానుంచి మరొకటి ఆ వలయాన్ని అందుకుంటుంది. ఒక్కొక్కప్పుడు జాతి వేరైనా ఆ బదిలీకి అడ్డు ఉండదు.

అదే పరిశోధక బృందం 2011–2014 మధ్య సేకరించిన నమూనాలను పరీక్షించింది. 804 పశువుల నమూనాలలో 166, 523 పచ్చి మాంసపు నమూనాలలో 78, ఆసుపత్రులలోని 1322 మంది రోగుల నమూనాలలో 16 ఈ జన్యువును కలిగివున్నాయి. పశువునుంచి మాంసానికి, మాంసంనుంచి మనిషికి ఆ సంఖ్యలు మెట్లు దిగినట్టు తగ్గుతూ వచ్చాయి. చైనాలో ఆనాటికి కొలిస్టిన్ మనుషుల చికిత్సలో వాడుకలో లేదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. ఎన్నడూ ఆ మందు ఎరుగని రోగి శరీరంలో, ఆ మందును ఎదిరించే బాక్టీరియా ముందే వచ్చి కూర్చుంది.

ఈ సందర్భంలో ఒక మాటను గురించి చెప్పాలి. ఇంగ్లీషునుంచి వైద్యవ్యాసాలు అనువదించేటప్పుడు నన్ను ఎప్పుడూ ఇబ్బందిపెట్టే మాట ‘నిరోధకత’. ‘రోగనిరోధక శక్తి’ అంటే మన శరీరానిది. అది ఉండవలసిన మంచి గుణం. ‘ఔషధ నిరోధకత’ అంటే బాక్టీరియాది. అది మనకు ఆపద. వినడానికి రెండూ తోబుట్టువుల్లా ఉంటాయి. ఈ తికమక మనకొక్కరికే పరిమితం కాదు. మన దేశంతో సహా 12 దేశాలలో జరిపిన సర్వే ఫలితాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. అందులో 76 శాతం మంది, మందులకు అలవాటు పడిపోయేది రోగి శరీరమేనని భావించారు. అందుకే నేను వీలైనచోటల్లా ‘మందులకు రాటుదేలిన క్రిములు’ అని రాస్తాను. పండితులకు ఆ మాట మోటుగా తోచవచ్చు. కాని రాటుదేలిందెవరో అందులో స్పష్టంగా తెలుస్తుంది.

ఇది కేవలం మాటల పట్టింపు కాదు. అలవాటు పడేది తన శరీరమేననుకునే మనిషి, ‘నేను మందులు మింగేవాణ్ణి కాను, నాకేమి భయం?’ అని నిశ్చింతగా ఉంటాడు. ఆ పదహారుగురు రోగుల ఉదంతం ఆ నిశ్చింతకు జవాబు. ఎక్కడో ఒక పెంపకశాలలో రాటుదేలిన క్రిమి ఎవరి పడకదగ్గరకైనా రాగలదు. మందులకు లొంగని బాక్టీరియా కారణంగా 2019లో ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించారని శాస్త్రజ్ఞుల అంచనా.

అయితే ఈ కథలో ఆశ కలిగించే ఘట్టం కూడా ఉంది. 2017 ఏప్రిల్ ఆఖరునుంచి చైనా ప్రభుత్వం పశువుల ఎదుగుదలకోసం దాణాలో కొలిస్టిన్ కలపడాన్ని నిషేధించింది. 2015లో 27 వేల టన్నులకు పైబడిన ఉత్పత్తి 2018 నాటికి సుమారు రెండున్నర వేల టన్నులకు పడిపోయింది. పందులలో కొలిస్టిన్‌కు లొంగని ఇ. కోలై బాగా తగ్గింది. ఎంసీఆర్-1 ఉన్న ఇ. కోలైని మోస్తున్న ఆసుపత్రి రోగులు 2016లో 14.3 శాతం కాగా, 2019లో 6.3 శాతం. దాణా మారితే ఆసుపత్రిలో ఫలితం కనిపించింది. మన ప్రభుత్వం కూడా 2019 జులైలో ఆహారానికి పెంచే పశువులకు, కోళ్ళకు, చేపలు రొయ్యల పెంపకానికి, దాణాకు కొలిస్టిన్‌ను నిషేధించింది.

చట్టం చేయగలిగింది చట్టం చేస్తుంది. మిగిలినది మన చేతులలో ఉంది. బాగా ఉడికిన మాంసంలో ఈ బాక్టీరియా బతకదు. పచ్చి మాంసం కోసిన కత్తిపీటను కడగకుండా దానిమీదనే ఉల్లిపాయలు తరిగితే మాత్రం అది పళ్ళెంలోకి వస్తుంది. జలుబు చేసిందని మందుల షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయోటిక్ జలుబును తగ్గించదు, ఎందుకంటే జలుబుకు కారణం వైరస్. ఆ మందు పని చేసేది పేగులలోని అమాయకపు బాక్టీరియామీద. వాటిలో తట్టుకోగలిగినవి మిగులుతాయి.

ఇది రాయడం ముగించి మా ఇంటి అలమారు తెరిచి చూశాను. ఏనాటి జ్వరానికో తెచ్చి సగం వాడి దాచిన మాత్రలు ఒక మూల కనిపించాయి. మళ్ళీ ఎప్పుడైనా అక్కరకు వస్తాయని దాచినవి. ఇంతకాలం ఇతరులకోసం అనువదించిన హెచ్చరికలన్నీ నా అలమారువరకు రానేలేదు.