బైకర్ల సంఘాలు: పేరు ఎలా వస్తుంది, ఎలా పోతుంది

మోటార్‌సైకిళ్ల మీద కలిసి తిరిగే బృందాలు రెండు రకాలు. ఆదివారం తెల్లవారుజామున ఏదో పెట్రోల్ బంకు దగ్గర కలుసుకుని, వంద కిలోమీటర్లు వెళ్లి, దారిలో టిఫిన్ చేసి, మధ్యాహ్నానికి ఇళ్లకు చేరేది రైడింగ్ గ్రూపు. అందులో చేరడానికి బండి, లైసెన్సు, హెల్మెట్ ఉంటే చాలు. నచ్చకపోతే మరుసటి వారం వెళ్లనక్కర్లేదు. రెండోది మోటార్‌సైకిల్ క్లబ్బు. దానికి నియమావళి, పదవులు, వీపు మీద కుట్టుకునే గుర్తు ఉంటాయి. అక్కడ సభ్యత్వం అడగ్గానే దొరకదు. నెలల తరబడి వెంట తిరిగి, పనుల్లో పాలుపంచుకుని, పాతవాళ్ల ఒప్పుదల సంపాదించాలి. రోడ్డు పక్కన నిలబడి చూసేవారికి మాత్రం ఈ తేడా తెలియదు. వాళ్లకు కనిపించేవి నల్ల జాకెట్లు, వినిపించేది చప్పుడు. అందుకే ఒక గుంపు తెచ్చుకున్న చెడ్డపేరును మిగతా గుంపులన్నీ మోయాల్సి వస్తుంది.

ఆ చెడ్డపేరు అమెరికాలో పుట్టింది. 1947 జూలై 4 సెలవుల్లో కాలిఫోర్నియాలోని హాలిస్టర్ పట్టణానికి రేసులు చూడటానికి ఊరు పట్టనంతమంది బైకర్లు వచ్చారు. కొందరు తాగి వీధుల్లోనే పందేలు వేశారు. అరెస్టులు జరిగాయి, గాయాలయ్యాయి. ఊరు మాత్రం తగలబడిపోలేదు. కానీ సీసాల మధ్య బండి మీద కూర్చున్న ఒక తాగుబోతు ఫొటోను ‘లైఫ్’ పత్రిక వేయడంతో కథ దేశమంతా పాకింది. ఆ ఫొటో కావాలని అమర్చి తీసిందేనన్న వాదన ఇప్పటికీ ఉంది. 1953లో మార్లన్ బ్రాండో నటించిన ‘ది వైల్డ్ వన్’ సినిమా ఆ బొమ్మను స్థిరపరిచింది. బైకర్లలో నూటికి 99 మంది బుద్ధిమంతులేనని అమెరికన్ మోటార్‌సైకిలిస్ట్ అసోసియేషన్ ప్రకటించిందని ఒక ప్రచారం ఉంది. అలా అన్నట్టు తమ రికార్డుల్లో లేదని ఆ సంఘమే తర్వాత చెప్పింది. ఈలోగా కొన్ని క్లబ్బులు మిగిలిన ఆ ఒక్క శాతం తామేనని చెప్పుకుంటూ దాన్ని గుర్తుగా జాకెట్లకు కుట్టుకున్నాయి.

అలాంటి క్లబ్బుల్లో పేరుమోసింది 1948లో కాలిఫోర్నియాలో మొదలైన హెల్స్ ఏంజెల్స్. 1969 డిసెంబరులో ఆల్టమాంట్ సంగీతోత్సవంలో ఆ క్లబ్బు సభ్యుడి కత్తిపోట్లకు ఒక యువకుడు చనిపోయాడు. కెనడాలోని క్యూబెక్‌లో 1994 నుంచి 2002 దాకా మాదకద్రవ్యాల వ్యాపారం కోసం బైకర్ ముఠాల మధ్య సాగిన పోరులో 150 మందికి పైగా ప్రాణాలు పోయాయి. 2019లో నెదర్లాండ్స్ న్యాయస్థానం హెల్స్ ఏంజెల్స్‌ను దేశమంతటా నిషేధించింది. అంటే విదేశీ క్లబ్బుల అపకీర్తిలో పత్రికలు, సినిమాలు పెంచింది కొంత, నిజంగా జరిగింది చాలా.

మన దేశంలో బైకర్ల సంఘాలకు అలాంటి నేర చరిత్ర లేదు. ఇక్కడ అవి బండి మీద మోజుతో పుట్టాయి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలయ్యాక బుల్లెట్ సైన్యానికి, పోలీసులకు, మోతుబరి రైతులకు బండి అయింది. మైసూరు నుంచి జావా, యెజ్డీ వచ్చాయి. 2000 తర్వాత జాతీయ రహదారులు వెడల్పయ్యాయి, ఐటీ జీతాలు వచ్చాయి. అప్పుడు నగరాల్లో బుల్లెట్ క్లబ్బులు వరసగా తలెత్తాయి. హైదరాబాద్‌లో వాండరర్స్ అలా వచ్చిందే. హార్లీ-డేవిడ్‌సన్ కొన్నవారికి కంపెనీయే సంఘం ఏర్పాటు చేస్తుంది. 1983లో అమెరికాలో మొదలైన ఆ హార్లీ ఓనర్స్ గ్రూపుకు హైదరాబాద్ శాఖ బంజారా చాప్టర్. కొన్ని భారతీయ క్లబ్బులు వీపు మీద మూడు ముక్కల గుర్తునూ, కొత్త సభ్యుణ్ని అభ్యర్థిగా తిప్పే పద్ధతినీ అమెరికా నుంచి అరువు తెచ్చుకున్నాయి. వేషం అక్కడిదే అయినా చేసే పని మాత్రం ప్రయాణం, రక్తదానం, వరదల్లో సరుకుల పంపిణీ.

మహిళల బృందాలు ఈ సంఘాల పేరును మరో దిక్కుకు తిప్పాయి. 2011లో మొదలైన ‘ది బైకర్నీ’ దేశవ్యాప్త మహిళా రైడర్ల సంఘం. దాని హైదరాబాద్ శాఖను నడిపిన జై భారతితో కలిపి నలుగురు మహిళలు 2018లో తెలంగాణ పర్యాటక శాఖ తోడ్పాటుతో మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాంల మీదుగా సుమారు 17 వేల కిలోమీటర్లు మోటార్‌సైకిళ్ల మీద తిరిగి వచ్చారు. వారిలో ఒకరైన పియా బహదూర్ ఆ ప్రయాణాన్ని ‘రోడ్ టు మెకాంగ్’ పేరుతో పుస్తకంగా రాశారు. జై భారతి తర్వాత ‘మోవో’ సంస్థ ద్వారా మహిళలకు బండి నడపడం నేర్పే పని చేపట్టారు. ఒక అభిరుచి ఇతరులకు ఉపాధి చూపిన సందర్భం ఇది.

మంచి గ్రూపు ఎలా నడుస్తుందో రోడ్డు మీదే తెలుస్తుంది. బయలుదేరే ముందు అందరినీ నిలబెట్టి దారి, ఆగే చోట్లు, చేతి సైగలు చెబుతారు. ముందు లీడ్, చివర స్వీప్ ఉంటారు. స్వీప్‌ను దాటి ఎవరూ వెనక ఉండిపోకూడదు. మధ్యలో కొత్తవాళ్లను లీడ్‌కు దగ్గరగా ఉంచుతారు. తిన్నని రోడ్డు మీద ఒకరు కుడి వైపు, తర్వాతి వారు ఎడమ వైపు, మళ్లీ ఒకరు కుడి వైపు నడుపుతూ, తమ వరసలో ముందున్న బండికి రెండు సెకన్ల దూరం పాటిస్తారు. ఘాట్ రోడ్డులో ఒకే వరస. ఎక్కడ పెట్రోలు పోయించుకోవాలో అందరిలోకి చిన్న ట్యాంకు నిర్ణయిస్తుంది. ఇరవై బండ్లుంటే నాలుగు జట్లుగా విడగొడతారు. అలా విడగొట్టకపోతే వెనక నుంచి వచ్చే కారుకు దాటే దారి ఉండదు. శ్రీశైలం వెళ్లే హైదరాబాద్ రైడర్లకు ఇంకో లెక్క ఉంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం మీదుగా వెళ్లే ఆ రోడ్డును మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. ఆ వేళలు తెలియకుండా బయలుదేరిన గ్రూపు తెల్లవార్లూ గేటు దగ్గర పడిగాపులు కాయాలి.

తెలుగు నగరాల్లో బైకర్లకు చెడ్డపేరు తెచ్చేవి రెండు: అర్ధరాత్రి పందేలు, సైలెన్సర్ల మోత. హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు, కేబీఆర్ పార్కు చుట్టుపక్కల, ఐటీ కారిడార్‌లో పోలీసులు పందేలరాయుళ్లను పట్టుకోవడం తరచూ వార్త అవుతోంది. విశాఖ బీచ్ రోడ్డులో పోలీసులు మోత పెంచేలా మార్చిన సైలెన్సర్లను కుప్పపోసి రోడ్డు రోలరుతో తొక్కించారు. ఇలాంటివి చేసేవారిలో చాలామందికి ఏ క్లబ్బుతోనూ సంబంధం ఉండదు. అయినా మర్నాడు ఊరు అనేది ‘ఈ బైకర్లు’ అనే.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద రోడ్డు మీద పందెం వేస్తే మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే సంవత్సరం వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయలు, పైగా మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత. మైనరుకు బండి ఇస్తే తల్లిదండ్రులకో యజమానికో 25 వేల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. కేంద్రం 2018లో మోటార్‌సైకిళ్లకు డివైడర్ ఉన్న నాలుగు వరసల రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్లు, పట్టణ రోడ్ల మీద 60 గరిష్ఠ వేగంగా నిర్ణయించింది. పందెంలో పాల్గొని బండి పాడైతే మామూలు బీమా పాలసీ డబ్బివ్వదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 74,897 మంది, అంటే నూటికి 44 మందికి పైగా, ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. వేగం సరదా ఉన్నవారికి మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు దగ్గర కారి ట్రాకులున్నాయి.

చేరబోయేవారు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటి రైడ్‌కు కొత్తవారినో పెద్దాయన్నో చిన్న బండి మీద రానిస్తారా? రానిచ్చి, ఆ బండి వేగానికి తమ వేగం తగ్గిస్తారా? రైడ్ ముగిసేదాకా మద్యం ముట్టకూడదనే నియమం ఉందా, అమలవుతుందా? గాయమైతే ఎవరికి ఫోన్ చేయాలో ముందే రాసి ఉంచుతారా? చందా వసూలు చేస్తే లెక్క చూపిస్తారా? సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘమైతే నియమావళి, కార్యవర్గం, జమాఖర్చులు కాగితం మీద ఉంటాయి. గుర్తు కోసం ఉద్యోగానికీ ఇంటికీ సమయం లేకుండా తిప్పే క్లబ్బులో, కొత్తవారిని అవమానించడాన్ని సంప్రదాయమనే క్లబ్బులో చేరకపోవడమే మేలు.

హైదరాబాద్ కంటే చిన్న ఊళ్లలో పేరు ఇంకా తొందరగా తేలుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్, ఆ జిల్లాలోని బెల్తరా లాంటి చోట్ల ఏ బండి ఎవరిదో వీధికంతటికీ తెలుసు. రతన్‌పూర్ మహామాయ గుడికో, అమర్‌కంటక్‌లో నర్మద పుట్టే చోటికో బయలుదేరిన గుంపు ఎలా వెళ్లి ఎలా వచ్చిందో సాయంత్రానికల్లా రైల్వే కాలనీలో చెప్పుకుంటారు. పైగా రతన్‌పూర్ మీదుగా కట్‌ఘోరా వెళ్లే 130వ జాతీయ రహదారి నిండా కోర్బా బొగ్గు లారీలు. అక్కడ వేగం చూపించడం ధైర్యం అనిపించుకోదు.

క్లబ్బు పేరు జాకెట్టు మీద ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా ఊరు దాన్ని చదవదు. ఊరి మధ్య నుంచి ఆ గుంపు ఎంత నెమ్మదిగా వెళ్లిందో, చివరి బండి కోసం ఎంతసేపు ఆగిందో చూసి తీర్పు చెబుతుంది. చేరేవారికైనా కొలబద్ద అదే.