ఊరికే వచ్చిన కంప్యూటరు ఊరికే నడవదు



పోయిన ఆదివారం కూటంలో రెండు ప్రతిపాదనలు వచ్చాయి. కంప్యూటర్లతో శాస్త్ర పరిశోధనకు సాయం చేయాలని మన పిల్లలకు ఆశ. అందుకు సంఘం నిధిలోంచి లక్షన్నర తీసి పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటరు కొనాలని కుర్రవాళ్ళు అన్నారు. అంత ఖర్చెందుకు, ఆఫీసుల్లో పారేసే పాత కంప్యూటర్లు పది ఊరికే తెచ్చి హాల్లో పెడదామని పెద్దవాళ్ళు అన్నారు. రెండింటికీ చేతులు లేచాయి. మేము రెండింటికీ వ్యతిరేకం. తమిళ మీడియంలో చదివి, రిటైరయ్యాక తెలుగు అక్షరాలు నేర్చుకున్నవాళ్ళం. భాషలో తప్పులుంటే దిద్దండి. లెక్కను మాత్రం లెక్కతోనే కొట్టండి.

పని మంచిదే, అందులో వాదం లేదు. ఒక పెద్ద లెక్కను లక్ష ముక్కలు చేసి లోకమంతా ఉన్న ఇంటి కంప్యూటర్లకు పంచుతారు. ఒక్కొక్కటి తన ముక్క చేసి తిరిగి పంపుతుంది. ఐన్‌స్టైన్ ఎట్ హోమ్‌లో ఇలా చేరినవాళ్ళ కంప్యూటర్లే 2010లో ఒక కొత్త పల్సార్‌ను పట్టుకున్నాయి. ప్రొటీన్ల ఆకారాలు లెక్కగట్టే రోసెట్టా ఎట్ హోమ్ డేవిడ్ బేకర్ ప్రయోగశాలది. ఆయనకు 2024లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఇలాంటి పనిలో మన పిల్లల చెయ్యి ఉంటే మాకూ గర్వమే.

ఇక పెద్దవాళ్ళ మాట. "ఊరికే వస్తుంది కదా!" ఈ మాట 1999లో చెల్లేది. సెటి ఎట్ హోమ్ మొదలైన ఆ రోజుల్లో కంప్యూటరు ఖాళీగా ఉన్నా పని చేస్తున్నా కరెంటులో పెద్ద తేడా ఉండేది కాదు. ఇప్పటి ప్రాసెసరు ఖాళీగా ఉంటే నిద్రపోతుంది, పని ఇస్తేనే తింటుంది. అంటే ఇవాళ మనం దానం చేసేది మిగిలిపోయిన టైము కాదు, ఈబీ బిల్లు.

రైల్వేలో గూడ్స్ వ్యాగను మీద 'టేర్' అని ఒక అంకె రాసి ఉంటుంది. అది ఖాళీ వ్యాగను బరువు. సరుకు లేకపోయినా ఇంజను ఆ బరువు లాగాల్సిందే. కంప్యూటరుకూ టేర్ ఉంది. మదర్‌బోర్డు, ఫ్యాను, డిస్కు, నాసిరకం ఎస్‌ఎంపీఎస్‌లో వేడిగా పోయే కరెంటు, అన్నీ కలిపి టేరే. పది పాత పెట్టెలు పెడితే పది టేర్లు లాగాలి.

అంకెలు చూడండి. 2006 నాటి కోర్ 2 డ్యుయోలో కోర్లు 2, ప్రాసెసరుకు మాత్రమే 65 వాట్ల లెక్క. 2018 నాటి ఐ5-8500టి లో కోర్లు 6, లెక్క 35 వాట్లు. పైగా ఒక్కో కోరు వేగమూ ఎక్కువ. పాత పెట్టె మొత్తం 100 వాట్లు, కొత్తది 45 వాట్లు తింటుందనుకుందాం. పది పాతవి రాత్రికి 10 గంటలు నడిస్తే రెండు నెలలకు 600 యూనిట్లు. దాదాపు అదే పని చేసే రెండు చిన్న మిషన్లకు 54 యూనిట్లు. యూనిట్‌కు 8 రూపాయలు వేసుకుంటే ఒకటి 4,800, ఇంకొకటి 432. ఏది ఊరికే వచ్చినట్టు?

మన హాలుది ఇంటి కనెక్షను కాదు కాబట్టి ఇళ్ళకు ఇచ్చే ఉచిత యూనిట్లూ లేవు. ఇంట్లో నడుపుదామంటారా, అక్కడ ఇంకో గుంట ఉంది. తమిళనాట రెండు నెలల వాడకం 500 యూనిట్లు దాటితే రేట్ల పట్టికే మారుతుంది. 101 నుంచి 200 దాకా ఉన్న యూనిట్లకు కూడా ఎక్కువ రేటు పడుతుంది. 470 యూనిట్లు కాలే ఇంట్లో 50 వాట్ల మిషను పగలూ రాత్రీ నడిస్తే 72 యూనిట్లు చేరి 542 అవుతుంది. పెన్షను మీద బతికే ఇంటికి ఇది చిన్న మాట కాదు.

కుర్రవాళ్ళ మాటకు వద్దాం. వాట్‌కు చేసే పని చూస్తే, తగిన లెక్కలకు కొత్త గ్రాఫిక్స్ కార్డుకు ప్రాసెసరు సాటి రాదు. ఇది నిజం, ఒప్పుకుంటున్నాం. చదువుకో, వీడియో పనికో ఇంట్లో ఇప్పటికే కార్డు ఉన్నవాళ్ళు రాత్రిపూట నడపండి. పవర్ లిమిట్ 70 శాతానికి దించండి. చివరి కొసరు వేగం కోసం వోల్టేజి పెంచాలి, ఖర్చు వోల్టేజి వర్గంతో పెరుగుతుంది. అందుకే దించితే పని కొద్దిగా తగ్గుతుంది, కరెంటు బాగా తగ్గుతుంది. కానీ దీనికోసమే సంఘం డబ్బుతో కార్డు కొనడం వేరు. 250 వాట్ల పెట్టె ఏడాది పొడుగునా ఆగకుండా నడిస్తే 2,190 యూనిట్లు, అంటే 17,520 రూపాయలు. లక్షన్నర పోయాక ఏటా ఇది. పాయింట్ల పట్టికలో మన పేరు పైకి వెళ్తుందంటారా? పట్టికలో పేరు చూసి ఏ పిల్లకూ కాలేజీ ఫీజు కట్టరు.

ఇంకొకటి. చలిదేశాలవాళ్ళు "కంప్యూటరు వేడితో గది వెచ్చబడింది, లాభమే" అంటే మనవాళ్ళు ఇక్కడ వల్లిస్తున్నారు. చెన్నైలో గది వెచ్చబడాలని మొక్కుకున్నవాళ్ళెవరు? తిన్న కరెంటంతా వేడే అవుతుంది. ఏసీ ఉన్న ఇంట్లో ఆ వేడిని బయటికి తోయడానికి మళ్ళీ కరెంటు. కత్తిరి వెయిలులో నడపకండి. మార్గళి రాత్రుల్లో నడపండి.

మరి ఏం కొనాలి? రిచ్చి స్ట్రీట్‌లో ఆఫీసులనుంచి వచ్చిన చిన్న డెస్క్‌టాప్‌లు దొరుకుతాయి: డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ. ఇంటెల్ 8వ తరం కంటే పాతది వద్దు. 2025 అక్టోబరుతో విండోస్ 10కు మద్దతు ముగిసింది, 7వ తరం దాకా దాదాపు ఏదీ విండోస్ 11 జాబితాలో లేదు. నంబరు చివర 'టి' ఉందో లేదో చూడండి. ర్యాము 16 జీబీ ఉండాలి, రోసెట్టా ముక్క ఒక్కోటి ఒక జీబీ పైన అడుగుతుంది. ఫ్యాను దుమ్ము దులిపించండి, పాత పేస్టు తీయించి కొత్తది వేయించండి. బోయింక్ పెట్టి, రాత్రి వేళలు నిర్ణయించి, పని కొంచెంగా తెచ్చుకునేలా అమర్చండి. ప్రతి ముక్కకూ గడువు ఉంటుంది, ఎక్కువ తెచ్చుకుంటే గడువు దాటిపోతుంది.

కొన్నాక కొలవండి. ఈబీ మీటరు మీద యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది. 3200 అని ఉంటే, మిగతావన్నీ ఆపి 10 నిమిషాలు లెక్కపెట్టండి. 53 మిణుకులు వస్తే మీ మిషను 100 వాట్లు తింటున్నట్టు. షాపువాడి మాట కంటే ఆ ఎర్ర దీపం మాట నమ్మండి.

మా ప్రతిపాదన ఇది. రెండు చిన్న మిషన్లు కొందాం. సాయంత్రం తెలుగు క్లాసు పిల్లలు వాటి మీదే మన అక్షరాలు టైపు చేయడం నేర్చుకోవాలి, పిల్లలు వెళ్ళాక అవి పరిశోధనకు పని చేయాలి. ఆ లక్షన్నరలో మిగిలే డబ్బు ఫీజుల సాయంలోనే ఉండాలి. మనం ఇక్కడ తరాలుగా ఉండి కూడా మన పిల్లలు తమ పేరు తెలుగులో రాయలేకపోతున్నారు. ఆకాశంలో పల్సార్లు వెతకడానికి లక్షన్నర ఉందంటున్న సంఘం ముందు ఆ పని చూడాలి. రెండు పనులూ ఒకే మిషను మీద జరుగుతాయి, ఖర్చూ తక్కువే అని ఇంత రాశాం.

వచ్చే కూటంలో చేతులెత్తే ముందు ఇంటి ఈబీ కార్డు ఒకసారి తీసి చూసి రండి. వాదానికి మేము సిద్ధం.