పలికెడు తప్పు – పలుకని తప్పు

సంతలో నొకడు "వేరుసెనగకాయలు పది యున్నవి" అనినయెడల వినువాడు వెంటనే "పది యేమి? సేర్లా, మూటలా?" అని యడుగును. కొలత తెలియని సంఖ్య వట్టి సంఖ్యయే. మన బెళుగుప్ప రైతుకు ఈ సంగతి నెవ్వరును నేర్పనక్కరలేదు. కాని కంప్యూటరు ముందు కూర్చుండిన విద్యార్థి దీనిని తరచుగా మరచుచున్నాడు. ఆ యంత్రమును ప్రతి సంఖ్యను ఒక కొలతపాత్రలో నుంచును. దానినే డేటా టైపు అందురు.

కొంతకాలము క్రిందట ఒక విద్యార్థి జీడిపల్లి జలాశయమును చూపు ఉపగ్రహచిత్రముపై ఎర్రని వలయము గీయబూనెను. హంద్రీ–నీవా కాలువవలన కృష్ణాజలములు చేరు ఆ జలాశయము మన మండలములోనిదే. చిత్రము 2015లో ప్రయోగింపబడిన సెంటినెల్-2 అను ఐరోపా ఉపగ్రహము తీసినది. అందలి చుక్క యొక్కొక్కటి నేలపై 10 మీటర్ల చదరమును చూపును. పైథాన్ భాషలో ఓపెన్‌సీవీ అను సాధనసంపుటితో అతడు పని మొదలిడెను.

యంత్రము నిరాకరించెను. జలాశయపు నడిబిందువు లెక్కలో దశాంశ భిన్నములుగా వచ్చినది. వలయము గీయు ఆజ్ఞ పూర్ణాంకములనే యంగీకరించును. దానిని సవరింపగా రెండవ నిరాకరణము వచ్చెను: రంగుగా నిచ్చినది సంఖ్య కాదట! "సున్న, సున్న, 255, ఇవి సంఖ్యలు కాక మరేమి, అయ్యా?" అని అతడు నన్నడిగెను.

సంఖ్యలే. ఓపెన్‌సీవీ రంగులను నీలము, ఆకుపచ్చ, ఎరుపు అను వరుసలో చదువును గనుక 255 చివర నుండుటయు సరియే. కాని యతడు వాటిని నంపై పట్టికనుండి తీసెను. అందలి పూర్ణాంకము 64 బిట్ల పాత్రలోనిది. చూపునకు పైథాన్ పూర్ణాంకమువలె నుండినను జాతి వేరు. 'టోలిస్ట్' అను ఆజ్ఞచే వాటిని పైథాన్ సొంత సంఖ్యలుగా మార్చినంతనే చిక్కు విడిపోయెను.

పాఠము ముగిసెనని యతడు తలంచెను. నేను చెప్పదలచినది ఇక్కడనే మొదలగుచున్నది. వలయము గీయబడెను గాని ఎర్రగా కానరాలేదు. ఏలయనగా చిత్రపు సంఖ్యలు 16 బిట్ల పాత్రలోనివి. 8 బిట్ల పాత్రలో 255 అనగా నిండు వెలుగు. 16 బిట్ల పాత్రలో నిండు వెలుగు 65,535. వేలలోనున్న పరిసర సంఖ్యల నడుమ 255 చీకటియే. ఈసారి యంత్రము ఒక్క మాటయు ననలేదు.

దీనికి కొందరు చెప్పు మందు రోగముకంటె చెడ్డది. చిత్రమంతటిని ఒక్క ఆజ్ఞతో 8 బిట్లకు మార్చుమందురు. అట్లు మార్చునపుడు నంపై ప్రతి విలువను 256చే భాగించి శేషమునే యుంచును. 250 విలువగల మసక చుక్క 250గానే నిలిచి తెల్లగా మెరయును. 2,560 విలువగల కాంతిమంతమైన చుక్క సున్నయై నల్లబడును. వలయము మాత్రము చక్కగా వెలుగును! సున్న మొదలు 1 వరకు భిన్నములుగల చిత్రమునకు ఇదే మందు వేసినచో 1కి తక్కువైన ప్రతి చుక్కయు సున్నయగును.

సరియైన మార్గము మొదట కొలత కుదుర్చుట, తరువాత పాత్ర మార్చుట. పెద్ద విలువలను సున్నకు 255కు నడుమ అనుపాతముగా దింపి, హద్దు మీరినవాటిని హద్దుకడ నిలిపి, ఆపైన 8 బిట్లకు మార్చవలెను. భిన్నములనైతే ముందుగా 255చే గుణింపవలెను. గీతను నకలుపైననే గీసి, అసలు చిత్రమును లెక్కలకై భద్రపరుపవలెను.

ఇది బొమ్మలాట యని తలంపరాదు. అనంతపురము జిల్లాలో సాలుసరి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. చెరువున నీరెంత, పైరు స్థితి యేమి యని ఉపగ్రహచిత్రములనుబట్టి యెంచు పని హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమున జరుగుచున్నది. రేపు మన పిల్లలు అట్టి పనిలో ప్రవేశింపవచ్చును. నీటిని బీడుగను, బీడును నీరుగను చూపిన చిత్రమువలన నష్టము యంత్రమునకు గాదు, రైతుకు.

"ప్రదర్శనకు వేళ చాలదు, ముందు బొమ్మ రానిండు" అని మాలో కొందరందురు. ఆ తొందర నేనెరుగుదును. నేనును అట్లు చేసినవాడనే. కాని పని ఆపి పలికెడు తప్పు మనకు మేలు చేయును, పలుకక సాగనిచ్చు తప్పు మోసగించును. మొదటిదాని నోరు నొక్కుటకై రెండవదానిని తెచ్చుకొనుట తెలివిగాదు. కావున గీతకు ముందు మూడు ప్రశ్న లడుగుట ప్రతి తరగతిలో నియమము కావలెను: సంఖ్యల జాతి యేది? చిత్రమునకు పొరలెన్ని? అత్యల్ప, అత్యధిక విలువలేవి? రెండవ ప్రశ్నయు వ్యర్థము కాదు: ఒకే పొరగల బూడిదరంగు చిత్రమున, మన ఎరుపులోని మొదటి సున్నయే లెక్కకు వచ్చి గీత నల్లబడును.

విద్యార్థులారా, సంతలో "పది యేమి?" అని యడుగుటకు మీ తండ్రులు సిగ్గుపడరు. యంత్రము నెదుట మీరును సిగ్గుపడకుడు.