నడిసముద్రంలో పనికొచ్చే భాష

1990 ఏప్రిల్ 7 అర్ధరాత్రి దాటాక, ఓస్లో నుంచి డెన్మార్క్‌లోని ఫ్రెడరిక్స్‌హావన్‌కు వెళ్తున్న స్కాండినేవియన్ స్టార్ అనే ప్రయాణికుల నౌక తగలబడి 159 మంది చనిపోయారు. చాలామందిని పొగే పొట్టనపెట్టుకుంది. ఆ పొగలో దారి చూపాల్సిన సిబ్బందిలో ఎక్కువమంది పోర్చుగీసువాళ్లు. ప్రయాణికుల్లో అత్యధికులు నార్వే, డెన్మార్క్ వాళ్లు. ఒకరి మాట ఇంకొకరికి తెలియదు, సిబ్బందిలో చాలామందికి ఇంగ్లిషూ అంతంతమాత్రమే. భాష ఒక్కటే అన్ని ప్రాణాలు తీసిందనను, మంటలొస్తే ఏం చెయ్యాలో సిబ్బందికి సరైన అభ్యాసమే లేదు. అయినా తలుపు ఎటువైపో చెప్పలేకపోవడం చిన్న లోపం కాదు.

ఇలాంటి భాషా చిక్కులు తీర్చేందుకు 2001లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ నావికుల కోసం ప్రామాణిక వాక్యాలను ఆమోదించింది. ఆధారం ఇంగ్లిషే గానీ, అలంకారాలన్నీ తీసేసిన ఇంగ్లిషు. చెప్పబోయేది హెచ్చరికో, ప్రశ్నో, అభ్యర్థనో ముందే ఒక్క మాటలో చెప్పేయొచ్చు. నూట యాభై డిగ్రీలైతే ‘ఒకటి, అయిదు, సున్నా’ అని విడివిడిగా పలకాలి. ఇంగ్లిషులో పదిహేనూ యాభయ్యీ ఇంజిన్ హోరులో ఒకేలా వినిపిస్తాయి మరి. అవతలివాడు విన్నది తిరిగి చెబితేనే మాట చేరినట్టు. పరాయి భాషను ఇంత నిజాయితీగా నేర్పే పద్ధతి నేనింకోటి చూడలేదు.

ఇదంతా పెద్ద ఓడలవాళ్ల సంగతి. శ్రీకాకుళం, విజయనగరం తీరాల నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు ఏటా వలసపోయి అక్కడి బోట్లెక్కే మన కలాసీలకు ఈ నాలుగు వాక్యాలూ నేర్పేదెవరు? అలా వెళ్లినవాళ్లలోనే కొందరు 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడి, కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరిలో వాఘా మీదుగా ఇల్లు చేరారు. వాళ్లను చిక్కుల్లో పడేసింది భాష కాదు, నీటి మీద కనపడని సరిహద్దు. కానీ పట్టుబడ్డాక ప్రతి ప్రశ్నా పరాయి భాషలోనే ఎదురవుతుంది.

ఫోన్ అనువదిస్తుంది కదా అంటారు. ఒడ్డు దాటి కొంత దూరం పోతే సిగ్నలే ఉండదు. ఉన్నా, బోటులోకి నీళ్లెక్కుతుంటే తడిచేతులతో తెర నొక్కుతూ కూర్చునే తీరికెవరికి?

పశ్చిమ తీరంలో వేట నిషేధం జూన్, జులై నెలల్లో, మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. బోట్లు లంగరేసి ఉండే ఆ రోజుల్లోనే నేర్పాలి. ‘ఇంజిన్ ఆగింది’, ‘నీళ్లెక్కుతున్నాయి’, ‘మనిషి సముద్రంలో పడిపోయాడు’, ‘మేం ఏడుగురం ఉన్నాం’, ‘మోకు విసరండి’. ఇవి హిందీలో, ఇంగ్లిషులో తడుముకోకుండా నోటికి రావాలి. అక్షాంశ రేఖాంశాల అంకెలు ఒక్కొక్కటిగా చదవడం, ఆపదలో పిలవడానికి వైర్‌లెస్‌లో 16వ ఛానెల్ పట్టడం తెలియాలి, కోస్ట్ గార్డ్ నంబరు 1554 అందరికీ కంఠతా రావాలి. రాత పరీక్ష వద్దు. చదువు రానివాళ్లూ ఉంటారు, వాళ్ల చెవీ నోరూ చాలు. ఏళ్ల తరబడి బోటు నడిపిన సరంగునూ కోస్ట్ గార్డ్ ఉద్యోగినీ పక్కపక్కన నిలబెట్టి, ఇంజిన్ ఆన్ చేసి, ఆ చప్పుడులోనే పలికించాలి. మత్స్యశాఖ వచ్చే నిషేధ కాలానికల్లా ఒక్క రేవులోనైనా ఈ పని మొదలుపెట్టాలి, వెరావల్ వెళ్లేవాళ్లున్న ఊళ్ల నుంచే.