అమలాపురానికి అరోరా ఎందుకు రాదు?

నార్వే వెళ్లాలంటే లక్షలు కావాలి. రీల్ చూడ్డానికి రోజువారీ డేటాలో చిన్న ముక్క చాలు. అందుకే మన కోనసీమ కుర్రాళ్ల ఫోన్లలో కూడా ఆకాశం ఆకుపచ్చ తెరలు తెరలుగా ఊగుతూ ఉంటుంది. అది చూశాక ఎవరికైనా వచ్చే డౌటు ఒకటే: మన డాబా మీంచి ఇది ఎప్పటికైనా కనిపిస్తుందా?

నవ్వి వదిలేసే డౌటు కాదండోయ్. 2024 మే 10న సూర్యుడి నుంచి ఎగిసొచ్చిన తుపాను భూమిని తాకింది. 2003 తర్వాత అంత పెద్దది రాలేదు. ఆ రాత్రి లదాఖ్‌లోని హాన్లేలో ఉత్తరం వైపు ఆకాశం ఎర్రబడితే, అక్కడి భారత ఖగోళ పరిశోధనశాల కెమెరాలు పట్టేశాయి. అదే ఏడాది అమెరికాలో టెక్సాస్ వాళ్లూ అరోరా చూశారు.

ఇక్కడో తమాషా ఉంది. డాలస్, హాన్లే రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద, 32.8 డిగ్రీల దగ్గర ఉన్నాయి. అయినా డాలస్‌లో ఉద్యోగం చేసే రాజోలు అబ్బాయికి ఉన్నంత ఛాన్సు హాన్లే వాళ్లకి లేదు. అరోరా మ్యాపులో గీసిన అక్షాంశాన్ని పట్టించుకోదు, భూమి అయస్కాంతాన్ని పట్టుకుని నడుస్తుంది. ఆ అయస్కాంతపు ఇరుసు కెనడా వైపు ఒరిగి ఉంది. మనం అవతలి పక్కన పడ్డాం. అయస్కాంత భూమధ్యరేఖ తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర్నుంచే వెళ్తుంది. ఆ లెక్కన అమలాపురం దాదాపు భూమి నడుము మీద ఉన్నట్టే.

మరి హాన్లేలో ఎరుపే ఎందుకు, ఆకుపచ్చ ఏమైంది? సూర్యుడి తుపాను తోసిన కణాలు పైనున్న ఆక్సిజన్‌ని ఢీకొంటే వెలుగు పుడుతుంది. నూరు కిలోమీటర్ల ఎత్తు దాటాక ఆకుపచ్చ, ఇన్నూరు దాటాక ఎరుపు. గోదావరి అవతలి లంక వైపు దూరం నుంచి చూడండి. ముందు కొబ్బరి తలలే కనిపిస్తాయి, కింద ఇళ్లు కనపడవు. అలాగే దూరంలో ఉన్నవాళ్లకి అరోరా పై అంచే దక్కుతుంది, కింది ఆకుపచ్చ భూమి వంపు చాటున ఉండిపోతుంది.

అయితే అసలు రానే రాదా అంటే, 1872 ఫిబ్రవరి 4న బొంబాయిలో కనిపించింది! బొంబాయి 19 డిగ్రీల దగ్గర, మనం పదహారున్నర దగ్గర. మరీ అంత దూరమేం కాదు. కానీ ఆ తుపానుకి బొంబాయి, ఏడెన్ మధ్య సముద్రంలో వేసిన టెలిగ్రాఫ్ తీగ కొన్ని గంటలు పనిచెయ్యలేదు. అప్పుడు తీగే. ఇప్పుడైతే కరెంటు గ్రిడ్లు, ఉపగ్రహాలు, జీపీఎస్ అన్నీ దాని దారిలో ఉన్నాయి. డాబా మీంచి ఫొటో తీస్తాం సరే, స్టేటస్ పెట్టడానికి సిగ్నల్ ఉండాలిగా! మన శ్రీహరికోట నుంచే 2023 సెప్టెంబర్ 2న వెళ్లిన ఆదిత్య-ఎల్1, పదిహేను లక్షల కిలోమీటర్ల దూరాన కూర్చుని సూర్యుణ్ణి కనిపెడుతున్నది ఇందుకే. 2024 మే తుపానుని అదీ చూసింది.

ఆకాశం ఎర్రబడ్డ రాత్రులు కోనసీమకి కొత్త కాదు. ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలి మంటలు లేచాయి. ఆర్పేసరికి అరవై అయిదు రోజులు పట్టింది. చుట్టుపక్కల జనం ఇళ్లొదిలి వెళ్లాల్సి వచ్చింది. వాళ్ల దగ్గర ‘రాత్రిపూట ఆకాశం ఎర్రగా ఉంటే భలే ఉంటుంది’ అని అనకండి, మీకు వేరే కథ వినిపిస్తారు.

నన్నడిగితే, అరోరా కోసం ఉత్తరం వైపు చూసి మెడ నొప్పి తెచ్చుకునే బదులు అంతర్వేది బీచ్‌లో దక్షిణం వైపు తిరగడం మేలు. రొయ్యల చెరువుల లైట్లు కూడా అప్పుడు వీపు వెనక్కి పోతాయి. ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిదింటప్పుడు చెయ్యి చాపి పిడికిలి పట్టండి. సముద్రం మీద రెండు పిడికిళ్ల ఎత్తున మెరిసేది అగస్త్య నక్షత్రం. రాత్రి ఆకాశంలో దానికంటే ప్రకాశించే నక్షత్రం ఒక్కటే, సిరియస్. ఏప్రిల్ నెలాఖరున పదింటికైతే పిడికిలిన్నర ఎత్తులో గాలిపటంలా నాలుగు చుక్కలు. మనవాళ్లు త్రిశంకు అంటారే, అది. ఈ రెండూ నార్వే ఆకాశంలోకి ఎన్నటికీ రావు. ఫోన్ నైట్ మోడ్‌లో పెట్టి, కదలకుండా చెప్పులకి ఆనించి తియ్యండి. అమావాస్య దగ్గర్లో వెళ్తే ఇంకా బావుంటుంది.