గెలిచినవాడికి పిల్లనగ్రోవి
పేరున్న ఇంట పుట్టినవాడు ఓడినా నాయకుడే. మిగతావాడు గెలిస్తే దండ వేసి పంపేస్తారు. ఇది మన రాజకీయాలు కనిపెట్టిన సూత్రమనుకుంటే పొరపాటు. రోమ్‌లో 2,200 ఏళ్ల కిందటే ఇలాంటి ముచ్చట జరిగింది.

క్రీ.పూ. 260లో సిసిలీ కోసం కార్తేజ్‌తో యుద్ధం. అప్పటి ఇద్దరు కాన్సుళ్లలో పెద్దింటి బిడ్డ స్కిపియో అసినా నౌకలతో ముందే వెళ్లి లిపారా రేవులో శత్రువుకు చిక్కాడు. నౌకాదళం భారం ప్లెబియన్ వర్గానికి చెందిన గాయస్ డుయిలియస్ మీద పడింది. ఆయన నావికులు నేల మీద బల్లలపై కూర్చుని తెడ్డు వేయడం నేర్చుకున్నవారు. ఎదుట ఉన్నది సముద్రంలో పండిపోయిన కార్తేజ్. అందుకే రోమన్లు ఓడల ముందు భాగాన కొక్కెపు వంతెనలు బిగించారు. వంతెన శత్రునౌకలో గుచ్చుకోగానే సైనికులు దాని మీదుగా దూకేవారు. నీటి పోరు కాస్తా నేల పోరైంది. మైలే దగ్గర కార్తేజ్ 50 నౌకలు పోగొట్టుకుందని చరిత్రకారుడు పోలిబియస్ లెక్క.

రోమ్ తొలి నౌకా విజయోత్సవం డుయిలియస్‌దే. ఓడల ముక్కులు తాపిన స్తంభం లేచింది. రాత్రి విందు నుంచి ఇంటికెళ్తుంటే ముందు కాగడా, పిల్లనగ్రోవి నడిచేవి. 258లో సెన్సార్ పదవీ దక్కింది. కాన్సుల్ పదవి మాత్రం మళ్లీ రాలేదు. 231లో నియంతను చేసింది కూడా ఎన్నికలు జరిపించడానికే. చెర నుంచి తిరిగొచ్చిన అసినా 254లో రెండోసారి కాన్సుల్.

2024లో ఎర్ర సముద్రంలో డ్రోన్లను కూల్చిన ఇటలీ యుద్ధనౌక పేరు 'కైయో డుయిలియో'. అసినా అంటే లాటిన్‌లో ఆడగాడిద.